తెల్ల పోగుల ఏడాది

టామ్సిన్ సంచిలోంచి మూడో జత ఉన్ని మేజోళ్ళు తీసి కుర్చీ మీద పడేసింది. నేను వాటిని మళ్ళీ సంచిలో పెట్టాను.

"అమ్మా, నేను వెళ్ళేది ఆరు రోజులకి. ఆరు నెలలకి కాదు."

"తడిసిపోతాయి."

"సముద్రంలో దిగేదాన్ని తడవకుండా ఎట్లా ఉంటాను? ఈ కేకు డబ్బా ఎందుకు మళ్ళీ? మెర్వ్ చూశాడంటే నన్ను ఒడ్డున వదిలేసి కేకుని తీసుకెళ్తాడు."

"అతనికి వేరే కట్టాను."

"అయితే ఇంకేం, ఇద్దరం మునుగుతాం, బరువుకి."

అలాంటి మాటలు అనొద్దని దానికి ఎన్నిసార్లు చెప్పానో. దానికి ముప్ఫై ఆరేళ్ళు. చెబితే వినే వయసు ఎప్పుడో దాటిపోయింది. నేను డబ్బా మూత ఇంకోసారి నొక్కి చూసి సంచి అడుగున సర్దాను.

కిందటి వారం ఈ శీర్షికలో మీరు చదివింది దీనికి ముందు రోజు సంగతి. పాతిక మూరల బట్ట ఆదివారం మగ్గం దిగింది. అదే రోజు టామ్సిన్ పెంచిన ఆరువందల సముద్రపు నాచు మొక్కలు మా ఊరు డోవర్ రేవులో మెర్వ్ పడవ మీది తొట్లలోకి ఎక్కాయి. ఇది సోమవారం పొద్దున. పది గంటలకి పడవ బయలుదేరాలి.

బట్ట గురించి కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నా భర్త అలెక్, కాల్డర్ అనే దీవి లైట్‌హౌస్‌లో పాతికేళ్ళు దీపం చూసుకున్నాడు. రోజూ పొద్దున రెండువందల పన్నెండు మెట్లు దిగి, రాతి గట్టు మీంచి సముద్రంలోకి బకెట్ వదిలి, పైకి లాగి, అందులో థర్మామీటర్ ముంచి, వచ్చిన అంకెని పుస్తకంలో రాసేవాడు. 1971 మొదలు 1995 చివరిదాకా. ఆ పుస్తకాలు ఇప్పుడు టామ్సిన్ పనిచేసే ల్యాబ్‌లో అద్దాల బీరువాలో ఉన్నాయి. ఈ దక్షిణపు కొసన అంత పాత అంకెలు ఇంకెవరి దగ్గరా లేవు. ఆ అంకెల్ని టామ్సిన్ గీతగా గీసి మీటింగులో చూపిస్తే పెద్దవాళ్ళంతా ఆవలించారట. "నువ్వు వాటిని బట్టగా నెయ్యమ్మా. గీతని చూసి ఎవరూ ఏడవరు" అని టామ్సినే అంది.

అలా మొదలైంది. ఒక రోజుకి ఒక పోగు. అర డిగ్రీకి ఒక రంగు చొప్పున ఇరవై రంగులు. చల్లని నీళ్ళకి నీలిమందు, ఆ పైన ఇనుప నీళ్ళలో ఉడికించిన యూకలిప్టస్ ఆకు, తర్వాత ఉల్లిపొట్టు, అన్నిటికన్నా వేడికి మంజిష్ఠ ఎరుపు. ఏ రోజు ఏ రంగు వెయ్యాలో నేను ఎంచుకోకూడదు. అంకె చెబుతుంది, చెయ్యి వేస్తుంది. నీళ్ళు కొలవని రోజుకి అద్దకం లేని తెల్ల ఉన్ని. ఏడాదికి ఒక మూర వచ్చింది. నాలుగేళ్ళు నేశాను. చివరి మూరల్లో ఎరుపు ఎక్కువ, మొదటి మూరల్లో నీలం ఎక్కువ. అంతకుమించి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

ఒక్క మూర మాత్రం మాట వినలేదు. పదహారోది, 1986. చుట్టూ ఏళ్ళన్నీ వేడెక్కుతుంటే అదొక్కటీ నీలంగా, చల్లగా ఉంది. టామ్సిన్ ఎనిమిదేళ్ళ చదువు, వాదన అంతా ఆ మూర మీదే నిలబడింది. తీరమంతా కాగిపోయిన రోజుల్లో కూడా కాల్డర్ పక్కన అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయని, పెద్ద నాచు అడవి మళ్ళీ బతికితే అక్కడే బతుకుతుందని అది అందరినీ ఒప్పించింది. దాని చిన్నప్పుడు ఆ నాచు పడవ ఇంజను రెక్కలకి చుట్టుకునేంత దట్టంగా ఉండేది. ఇప్పుడు ఆకు లేదు. తొట్లలోని ఆరువందలూ మిగిలిన ఆఖరి మొక్కల పిల్లలు.

"ఇంకా టైముంది కదా. బట్ట పలకకి చుట్టేద్దాం, పట్టు" అంది టామ్సిన్.

"గురువారం గ్యాలరీ వాళ్ళ వ్యాన్ వస్తుందిగా. వాళ్ళే చుట్టుకుంటారు."

"వాళ్ళు కంబళి మడిచినట్టు మడిచి పారేస్తారు. నాలుగేళ్ళు నేశావ్, వాళ్ళ చేతిలో పెడతావా? పట్టమ్మా."

బట్టని ప్రదర్శనకి పెట్టబోయే గ్యాలరీ వాళ్ళు హోబర్ట్ నుంచి నాలుగు మూరల పొడుగు పలక పంపారు. దాన్ని రెండు కుర్చీల మీద పెట్టి, నేను ఒక కొస పట్టుకున్నాను. అది పలక తిప్పుతోంది. ముందు వైపు నాలుగు మూరలు, వెనక వైపు నాలుగు. ఒక చుట్టుకి ఎనిమిదేళ్ళు. ఆ లెక్క నాకు తట్టలేదు. తట్టి ఉంటే కాళ్ళు నొప్పులని చెప్పి కూర్చునేదాన్ని.

రెండో చుట్టు పూర్తయ్యేసరికి టామ్సిన్ ఆగింది.

"అమ్మా, ఆగాగు. ఇటు చూడు."

రెండో చుట్టు చివరి మూర, మొదటి చుట్టు చివరి మూర మీద పడింది. 1978 మీద 1986. అంచులు రెండూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి. నీలం పక్కన నీలం. బూడిద పక్కన బూడిద. ఆకుపచ్చలో సన్నటి పసుపు గీత, దాని పక్కన అదే గీత.

"కవలపిల్లల్లా ఉన్నాయే!" అంది. దాని ముఖం వెలిగింది. దాని ముఖంలో ఆ వెలుగు ఎప్పటిదో నాకు తెలుసు. నాలుగేళ్ళప్పుడు రాళ్ళ సందులో నక్షత్రచేప దొరికినప్పటిది. "ఎనిమిదేళ్ళకోసారి తిరిగొస్తుందేమో అమ్మా, చల్లటి నీళ్ళు! గీతలో ఇది కనపడలేదు చూశావా? బట్టలో పడితే గానీ..."

వేలితో అంచు వెంట నడిచింది. మధ్యలో వేలు ఆగింది.

"ఇదేంటి? తొమ్మిది పోగులు ఒకటే రంగు."

వాన మబ్బు రంగు. పదకొండు పాయింట్ రెండు. నేను చూడక్కర్లేదు.

టామ్సిన్ సంచి పక్కన ఉన్న ఫైలు తెరిచింది. ఒక కాగితం మీద వేలు పెట్టి, ఇంకో కాగితం తీసి దాని పక్కన పరిచింది. నేను కొస పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"డెబ్భై ఎనిమిది జూన్‌లో థర్మామీటర్ పగిలింది" అంది చివరికి. "సరుకుల పడవ కొత్తది తెచ్చేదాకా పాత అంకెనే రాస్తున్నానని నాన్న పెన్సిల్‌తో పక్కన రాశాడు. తొమ్మిది రోజులు. ఎనభై ఆరు జూన్‌లో కూడా పగిలిందా?"

"ఏమో. గుర్తులేదు."

"అదే తారీఖున? అదే అంకె దగ్గర? తొమ్మిది రోజులే?" కాగితాలు తిప్పుతోంది. "జనవరి ఏడు, ఒకటే. ఎనిమిది, ఒకటే. మార్చి... అమ్మా, ఇది సముద్రం కాదు. ఇది ఎవరో చూసి రాసింది."

కుర్చీలో కూర్చుంది. మేజోళ్ళ మీద కూర్చుందని కూడా చూసుకోలేదు.

"నాన్న" అంది. "మెట్లు దిగడానికి బద్ధకమేసి, పాత పుస్తకం ముందేసుకుని... ఆయన గురించి నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో తెలుసా నీకు? వాన, గాలి, ఏదైనా సరే, మా నాన్న ఒక్క రోజు మానలేదని. ఫోటో పెట్టి మరీ చెప్పానే! ఛీ."

నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. అలెక్ పోయి ఆరేళ్ళయింది. కాదనడానికి ఆయన లేడు. పుస్తకంలో చేతిరాత కూడా ఆయనదే అనుకుంటారు, ఎవరూ పట్టుకోలేదు. ఒక్క నిమిషం, బహుశా అంతకన్నా ఎక్కువే, నేను అలాగే అనుకుంటూ నిలబడ్డాను. టామ్సిన్ కళ్ళు తుడుచుకుని, గోడ మీద ఆయన ఫోటో వైపు చూసింది. ఆ చూపు నేను ఓర్చుకోలేకపోయాను.

"మీ నాన్న కాదు, నేను" అన్నాను.

"నువ్వేంటి?"

"రాసింది."

అర్థం కానట్టు చూసింది. నా చేతిలో బట్ట కొస ఇంకా ఉంది. దాన్ని కుర్చీ వీపు మీద వేశాను.

"ఆ ఏడాది మీ నాన్న దీవిలో లేడు. జనవరి ఏడున సరుకుల పడవలో వెళ్ళాడు, పళ్ళు పీకించుకోవాలని. రెండు వారాల్లో వస్తానన్నాడు. డిసెంబరు మూడున వచ్చాడు."

"ఆస్పత్రిలో కదా ఉంది? ఊపిరితిత్తులు..."

"నీకు అట్లా చెప్పాను."

"మరి ఎక్కడున్నాడు?"

"నేను అడగలేదు. ఆయన చెప్పలేదు."

"పదకొండు నెలలు!"

"మనిషి లేడని ఆఫీసు వాళ్ళకి తెలిస్తే మనల్ని దీవి నుంచి దించేస్తారు. అప్పుడు నిన్ను తీసుకుని నేను ఎక్కడికి పోవాలి? దీపం నేనే వెలిగించాను. గాలి, వాన, మబ్బు అన్నీ నేనే చూసి రాశాను, ఆయన చేతిరాతలాగే. అవన్నీ నిజమే టామ్, ఒక్కటి కూడా కల్పించలేదు. ఆ మెట్లే దిగలేకపోయాను. రెండో కాపలాదారు క్లారీ ఎవరికీ చెప్పలేదు గానీ, అతనికి మోకాళ్ళు పోయాయి. నీకు నాలుగేళ్ళు, పైన ఒక్కదాన్నీ వదిలితే కొండ అంచుకి పోయేదానివి. చంకనేసుకుని ఒకసారి దిగాను. అల వచ్చి బకెట్ లాక్కుపోయింది. ఇంకో అంగుళం అయితే నిన్ను. ఆ రోజు పైకొచ్చి పాత పుస్తకం తీశాను. డెబ్భై ఎనిమిది చేతికొచ్చింది. ఏదైనా ఒకటే అనుకున్నాను. నీళ్ళేగా, అవి ఎక్కడికి పోతాయి అనుకున్నాను."

"నాన్నకి తెలుసా?"

"వచ్చిన సాయంత్రం పుస్తకం తిరగేశాడు. నా వైపు చూడలేదు. మర్నాడు మెట్లు దిగి, వచ్చిన అంకెని కింద రాశాడు."

"మరి నేను బొమ్మలు వేసేదాన్ని" అంది నెమ్మదిగా. "నాన్నకి. ఆస్పత్రికి పంపమని. సీల్ బొమ్మలు, దీపం బొమ్మ..."

నేను కుర్చీ మీంచి జారుతున్న బట్ట కొసని సరిచేశాను.

"ఏం చేశావమ్మా వాటిని?"

"పొయ్యిలో వేశాను."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి వెళ్ళి కిటికీ దగ్గర నా ఉన్ని బుట్టల ముందు నిలబడింది. ఇరవై రంగుల బుట్టలు చాలావరకు ఖాళీ. చివరిది, తెల్లది, సగం నిండుగా ఉంది.

"చిన్నదాన్ని పెట్టుకుని అప్పుడు రాశావ్. సరే. దాన్ని నేనేమీ అనలేను" అంది. "కానీ నేశావే! రెండేళ్ళ క్రితం, ఇక్కడ, ఈ మగ్గం మీద కూర్చుని నేశావే. ఆ నెలలో ఆ మూర నేస్తున్నావని నేను ఎంత సంబరపడ్డానో చూశావుగా. ఇదిగో, తెల్ల ఉన్ని. బుట్టెడు. కొలవని రోజుకి తెల్లది వెయ్యాలన్నది నువ్వు పెట్టుకున్న నియమం. మూడువందల చిల్లర పోగులు వెయ్యాల్సింది. ఎందుకు వెయ్యలేదు?"

ఆ మూర నేసేటప్పుడు అంకె చూడకముందే చెయ్యి సరైన రంగు కండె మీదికి వెళ్ళేది. అవి సముద్రం చెప్పిన అంకెలు కావు, నేను ఒకసారి వంటింటి బల్ల దగ్గర కూర్చుని చేత్తో రాసినవి కాబట్టి. తెల్లది వేస్తే నువ్వు అడుగుతావు. అడిగితే మీ నాన్న సంగతి చెప్పాలి. చెబితే నువ్వు ఈ ఇంటికి రావడం మానేస్తావు. ఇదంతా అనుకున్నాను గానీ, "భయమేసింది" అని మాత్రం అన్నాను.

"నాకు ఇప్పుడు వేస్తోంది" అంది. "ఆరువందల మొక్కలు. వాటిని మళ్ళీ ల్యాబ్‌కి తీసుకెళ్ళే వీల్లేదు. తొట్లు తీసేశారు. తీరంలో ఇంకెక్కడ నాటినా నెలలో ఉడికిపోతాయి. కాల్డర్ దగ్గర చల్లటి నీళ్ళున్నాయని నేను ఎవరి మాట మీద అన్నాను? పరికరాలు దించితే రెండు తుఫానులో కొట్టుకుపోయాయి. మూడోది రెండు నెలలే పనిచేసింది. మిగిలింది నాన్న పుస్తకం. అంటే నువ్వు."

తలుపు కొట్టిన చప్పుడు. మెర్వ్. తలుపు తీయకముందే లోపలికి వచ్చే మనిషి, ఈసారి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటీ, తల్లీకూతుళ్ళకి కేకు పంపకం తెగట్లేదా?" అన్నాడు. మా ముఖాలు చూసి టోపీ తీశాడు. "నేను బయట ఉంటాను. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందంటున్నారు. లోయిస్ తనదీ నీదీ డైవింగ్ సామాను ఎక్కించేసింది. తొందరేం లేదు. అంటే, ఉంది."

"వస్తున్నా మెర్వ్" అంది టామ్సిన్.

"ఈ రోజుకి ఆగు" అన్నాను. "రేపు వెళ్ళు. లేకపోతే ల్యాబ్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. కూర్చుని మాట్లాడదాం."

"ఏం మాట్లాడదాం? మొక్కలు తొట్లలో నాలుగు రోజులు బతుకుతాయి. ఫోన్ చేసి ఏమని చెప్పను? అవి మా అమ్మ రాసినవని చెప్పనా?" సంచి జిప్పు లాగింది. "ఇరవై మీటర్ల దగ్గర నాటాలనుకున్నాం. ఇప్పుడు ముందు కొలవాలి. లోతుకి వెళ్ళి కొలుస్తాను. నలభైలో చూస్తాను. ఎక్కడో ఒకచోట చల్లగా ఉందేమో."

"నలభై లోతా? ఎప్పుడైనా అంత దిగావా?"

"దిగాను. నీకు చెప్పలేదు, అంతే. మనింట్లో అది అలవాటేగా."

ఆ మాట తగలాలనే అంది. తగిలింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"గురువారం వ్యాన్ వస్తే పంపెయ్యి, లేదా ఆపు. నీ ఇష్టం. కానీ ఆ మూర అట్లా పోకూడదు. అబద్ధపు పోగులు తీసి తెల్లవి వెయ్యి. ఎనభై ఆరులో ఎవరూ కొలవలేదని జనం చూడాలి. చేస్తావా?"

"చేస్తాను."

"సరే."

ముద్దు పెట్టలేదు. చెయ్యి ఊపింది. మెర్వ్ సంచి అందుకుని, బరువుకి ఒక మూలుగు మూలిగి, ఏదో జోకు వేశాడు. అది నవ్విందో లేదో, వాళ్ళిద్దరూ దిగువ మలుపు తిరగడంతో నాకు వినబడలేదు.

వ్యాన్‌ని ఆపేశాను. గ్యాలరీ అమ్మాయి ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడింది, వారం గడువిచ్చింది. మగ్గం దిగిన బట్టలో మధ్య మూర మార్చడానికి ఒకటే దారి. అడ్డంగా వెళ్ళే పేక పోగుని అంచు దగ్గర కత్తిరించి, సూదితో ఎత్తి బయటికి లాగి, నిలువు పడుగు మళ్ళీ మూసుకోకముందే తెల్లది అదే దారిలో ఎక్కించాలి. గంటకి ఏడో ఎనిమిదో పోగులు. మూడువందల ముప్ఫై ఒక్క పోగులు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, కూర్చున్న చోటే టీ తాగుతూ, కిటికీలోంచి నీళ్ళు చూస్తూ చేశాను. తీసిన పోగులు ఒళ్ళో కుప్ప పడ్డాయి. అందులో ఏది ఏ రోజుదో ఇక ఎవరూ చెప్పలేరు.

వాతావరణం బాగానే ఉంది. రోజూ పొద్దున రేడియోలో విన్నాను. దక్షిణ గాలి, మోస్తరు అలలు. భయపడటానికి ఏమీ లేని రోజులవి. అందుకే నాకు ఇంకా భయమేసింది.

శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. పడవ మీది శాటిలైట్ ఫోన్. ఒకరన్న మాట ఇంకొకరికి చేరడానికి రెండు క్షణాలు పడుతుంది. మేమిద్దరం ఒకరి మాట మీద ఒకరం పడుతూ మాట్లాడాం.

"అమ్మా? వినపడుతోందా? పొద్దున నలభైకి దిగాను."

"బాగున్నావా?"

"పదకొండున్నర ఉందమ్మా. నలభైలో. పైన పదిహేడు. చల్లటి నీళ్ళు ఉన్నాయి. వింటున్నావా? ఉన్నాయి!"

"మరి మొక్కలు?" అన్నాను.

"సగం చచ్చిపోయాయి. మిగిలినవి ఇవాళ ముప్ఫై లోతులో రాళ్ళకి కడుతున్నాం." దాని గొంతులో నక్షత్రచేప దొరికిన పిల్ల ఉంది. అంతలోనే పెద్దదైపోయింది. "కానీ ఒక్కసారి కొలిస్తే చాలదు కదా. ఒక్క అంకెని నేనింక నమ్మలేను. రేపు పొద్దున ఇంకోసారి దిగి కొలిచి, అప్పుడు బయలుదేరతాం."

"ఒకసారి చూశావుగా టామ్. చాల్లే. వచ్చెయ్."

రెండు క్షణాలు.

"నువ్వు ఎంతవరకు వచ్చావు?"

"సెప్టెంబరు" అన్నాను.

"కానివ్వు" అంది. లైను పోయింది.

ఆదివారం నేను అక్టోబరు పోగులు తీస్తూ కూర్చున్నాను. చర్చి నుంచి వచ్చేవాళ్ళు కిటికీ ముందు నుంచి వెళ్తూ చెయ్యి ఊపారు. సాయంత్రం నాలుగున్నరకి మెర్వ్ పడవ రేవులోకి వచ్చింది. చాలా నెమ్మదిగా వచ్చింది. అందులోంచి మెర్వ్ దిగాడు, లోయిస్ దిగింది.

పొద్దున రెండోసారి కొలవడానికి నలభైకి దిగిన టామ్సిన్ తిరిగి రాలేదు. అది 2019 ఫిబ్రవరి ఇరవై నాలుగు.